పసిబిడ్డ రక్తం రెండవసారి ఎందుకు తీస్తారు?

ఈమధ్య ఒక సంఘంలో లెక్కలు తనిఖీ చేస్తూండగా సభ్యుడొకరు రెండు రక్తపరీక్ష కాగితాలు తెచ్చి మా ముందు పెట్టారు. మూడు రోజుల మనుమరాలు పాలు తాగడం మానేస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళారట. మొదటి కాగితంలో సి.ఆర్.పి. అనే అంకె 6 ఉంది. ఏమీ లేదన్నమాట అనుకొని బిడ్డను ఇంటికి తెచ్చేయబోయారు. డాక్టరుగారు వారించి మర్నాడు మళ్ళీ రక్తం తీయించారు. ఆ కాగితంలో అంకె 38. "ఒక్కరోజులో ఇంత తేడా ఎలా వస్తుందండీ? ఏదో ఒకటి అబద్ధమే కదా!" అని ఆయన ప్రశ్న. పది రోజులు ఇంజెక్షన్లు పడి బిడ్డ దక్కింది గాని, ఆయన అనుమానం తీరలేదు.

మేము సహకార డిప్లొమా చదివినవాళ్ళమే గాని వైద్యులము కాము. అయినా పాల పరీక్ష తెలిసిన మన సభ్యులకు ఈ సంగతి బోధపడటం కష్టం కాదు. రెండు కాగితాలూ నిజమే.

సూక్ష్మజీవులు రక్తంలో చేరి ఒళ్ళంతా విషమించే స్థితిని సెప్సిస్ అంటారు. పుట్టిన 28 రోజుల లోపు బిడ్డలకు ఇది గంటల మీద ముదురుతుంది. సూక్ష్మజీవి ఉన్నదీ లేనిదీ తేల్చడానికి అసలు పరీక్ష బ్లడ్ కల్చర్: బిడ్డ రక్తాన్ని సీసాలో ఉంచి, అందులో ఏమైనా పెరుగుతుందా అని చూడటం. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. డెయిరీలో సూక్ష్మజీవుల లెక్క కూడా ఇటువంటిదే. ఆ లెక్క వచ్చేసరికి ఆ పాలు తాగేసి ఉంటారు. పైగా పసిబిడ్డ నుంచి తీయగలిగేది ఒక మిల్లీలీటరు రక్తం, అంతే. ఢిల్లీలోని మూడు ఆసుపత్రులలో 2011 నుంచి 2014 వరకు జరిగిన పరిశీలనలో, ప్రత్యేక విభాగంలో చేర్చిన శిశువులలో నూటికి 14 మందికి సెప్సిస్ అని తేల్చగా, కల్చర్‌లో సూక్ష్మజీవి దొరికినది 6గురిలోనే.

అందుకని చిల్లింగ్ సెంటరులో మనవారు ఏం చేస్తారు? పాలలో మెథిలీన్ బ్లూ రంగు కలిపి, ఎన్ని గంటలకు ఆ రంగు పోతుందో చూస్తారు. సూక్ష్మజీవిని చూడరు, అది చేసిన పనిని చూస్తారు. సి.ఆర్.పి. కూడా అటువంటి సాక్ష్యమే. ఇది సూక్ష్మజీవిలోంచి వచ్చేది కాదు. దాడి జరిగిందని కబురందితే బిడ్డ కాలేయమే తయారుచేసే మాంసకృత్తు. 1930లో అమెరికాలో న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని మొదట కనిపెట్టారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కబురంది, కాలేయం పని మొదలుపెట్టి, రక్తంలో ఆ అంకె పెరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. బాగా హెచ్చేది ఒకటి రెండు రోజులకు. పెరగకముందు తీసిన రక్తంలో 6 ఉండటం వింత కాదు. సాధారణంగా లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే అనుమానిస్తారు. కొన్ని లేబరేటరీలు డెసిలీటరు లెక్కన వ్రాస్తాయి. అక్కడ 1 అంటే ఇక్కడి 10. అంకె పక్కనున్న కొలత చూడకుండా ధైర్యపడవద్దు.

ప్రోకాల్సిటోనిన్ అనే ఇంకొక పరీక్ష ఉంది. ఇది ఇంకా త్వరగా, నాలుగైదు గంటలలోనే పెరుగుతుంది. అయితే ఏ జబ్బూ లేని బిడ్డకు కూడా పుట్టిన మొదటి రెండు రోజులు ఇది సహజంగా హెచ్చుతుంది. సి.ఆర్.పి. కూడా కాన్పు కష్టమైనా, బిడ్డ ఉమ్మనీటిలో మలం మింగి ఊపిరితిత్తుల్లోకి పోయినా పెరగవచ్చు.

లాక్టోమీటరు ఒక్కటే చూసి పాలు తీసుకొనే సంఘం ఉన్నదా? మీగడ తీసి నీళ్ళు కలిపినవాడు లాక్టోమీటరును దాటుకుంటాడు, వెన్న పరీక్షలో దొరుకుతాడు. డాక్టర్లు కూడా అలాగే సి.ఆర్.పి.తో పాటు తెల్లకణాలు 5,000 కంటె తగ్గాయా, వాటిలో ముదరని కణాలు ఐదో వంతు మించాయా, సన్నని గొట్టంలో ఎర్రకణాలు గంటకు 15 మిల్లీమీటర్లు మించి దిగాయా అని చూస్తారు. రెండు తప్పితే సెప్సిస్‌గా భావించి వైద్యం చేస్తారు. అన్నీ బాగున్నా 12 నుంచి 24 గంటలలో మళ్ళీ తీస్తారు. అప్పుడూ బాగుండి, బిడ్డ చురుకుగా ఉంటే యాంటీబయాటిక్ మానేస్తారు. రెండవసారి రక్తం తీయడం వల్ల అనవసరపు ఇంజెక్షన్లు తప్పే బిడ్డలూ ఉన్నారు.

ఈ పరీక్షలన్నీ ఆసుపత్రికి చేరిన తరువాతి మాట. ఇంటిలో గమనించవలసినవి వేరు: బిడ్డ రొమ్ము పట్టకపోవడం, తట్టి లేపితేగాని కదలకపోవడం, ఒళ్ళు కాలడం లేదా చల్లబడటం, నిమిషానికి 60 సార్లు మించి ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి పీల్చుకుపోవడం, ఫిట్స్. జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు. పసిబిడ్డ చల్లబడటమూ అంత ప్రమాదమే. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ రాయవద్దు. దూడకు జున్నుపాలు తాగించాలని మనం ఎంత పట్టుబడతామో, తల్లి ముర్రుపాలను మాత్రం పిండి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

పై లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయవలెను. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, పైన గుడ్డ కప్పి తీసుకువెళ్ళాలి. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బు పడిన శిశువుకు పరీక్షలు, మందులు, రాకపోకల వాహనం ఉచితం. అంతకుముందు ఎక్కడైనా రక్తం తీసి ఉంటే ఆ కాగితం, తీసిన గంటతో సహా, వెంట తీసుకువెళ్ళగలరు. రెండవ అంకెను డాక్టరుగారు పోల్చి చూసేది దానితోనే.