కొత్తగా వచ్చినవారికి కొమ్మ మీద చోటు

ఈశాన్య రుతుపవనాల వానలకు నెల్లూరు తీరంలోని చెరువులు నిండే వేళ, దాదాపు అక్టోబరు మాసంలో, నేలపట్టు చెరువుకు గూడబాతులు రావడం మొదలవుతుంది. దొరవారిసత్రం సమీపంలోని ఈ గ్రామం 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇక్కడి చెరువు 1976లో పక్షుల రక్షిత కేంద్రమయింది. ఈ గూడబాతులు సైబీరియా నుండి వస్తాయని చాలామంది తలుస్తారు. నిజానికి అవి దక్షిణాసియాకు చెందిన పక్షులే. మనం పరాయివనుకున్నవి మన ప్రాంతానివే అన్నమాట.

నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులతోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు గూళ్లు కట్టుకుంటాయి. వాటి మధ్య కీచులాటలు లేకపోలేదు. కాపలా లేని గూటి నుండి పుల్లలు ఎత్తుకుపోయే పక్షులూ ఉంటాయి. అయినా ఒకే చెట్టు అన్నింటికీ ఆశ్రయమిస్తుంది. గూడబాతు పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లి చేపలు పట్టుకుంటుంది. నత్తగుల్ల కొంగ నత్తలను వెదుకుతుంది. తెల్లకంకణాయి బురదలో పురుగులను ఏరుకుంటుంది. ఒకదాని ఉపాధి మరొకదానికి పెద్దగా అడ్డురాదు. ఆపద కనిపించి ఒక పక్షి అరిస్తే చుట్టుపక్కల గూళ్లన్నీ అప్రమత్తమవుతాయి.

గ్రామస్థులు కూడా ఈ పక్షులకు మంచి పొరుగువారే. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు సత్తువనిస్తుందని అక్కడి రైతుల నమ్మకం. ఆశ్రయం పొందిన అతిథి ఆ ఊరికి తనవంతు మేలు చేసి వెళుతున్నది.

భూమిపై సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 38వ ఆయతు బోధిస్తున్నది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకొనిరాగా తల్లిపక్షి తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త (స) ఆ పిల్లలను తల్లికి తిరిగి అప్పగించమని ఆదేశించారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఎవరి కీడు నుండి పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతని విశ్వాసం సంపూర్ణం కాదని కూడా ఆయన హెచ్చరించారు. కాబట్టి స్నేహానికి తొలిమెట్టు తీపి మాటలు కావు, అభయం.

మదీనాకు హిజ్రత్ చేసి వచ్చిన ముహాజిర్లకు, స్థానికులైన అన్సార్లకు మధ్య దైవప్రవక్త (స) సోదర బంధం ఏర్పరచారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇవ్వజూపారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు శుభం కోరి, బజారుకు దారి మాత్రం చూపమన్నారు. వెన్న, జున్ను అమ్ముకొని తన కాళ్లపై తాను నిలబడ్డారు. ఇచ్చేవారి ఔదార్యం, వచ్చినవారి ఆత్మగౌరవం రెండూ కలిసినప్పుడే బంధం నిలుస్తుంది.

నేడు కృష్ణపట్నం ఓడరేవుకు, తడ సమీపంలోని శ్రీసిటీ పరిశ్రమలకు పనికోసం దూర రాష్ట్రాల నుండి ఎందరో వస్తున్నారు. వారి మతం, భాష అడిగి మనం ఇల్లు అద్దెకు ఇవ్వడం మానుకుంటున్నామా? మన వీధిలో నెలలుగా ఉంటున్న కుటుంబం పేరైనా మనకు తెలుసా? వారి పిల్లవాడు బడిలో చేరితే అతని వచ్చీరాని తెలుగును మన పిల్లలు వెక్కిరిస్తున్నారా? ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మేము గమనించినది ఇదే: కొత్త పిల్లవాడిని ఉపాధ్యాయుడి ఉపదేశం కన్నా, పక్కకు జరిగి చోటిచ్చిన ఒక్క తోటి విద్యార్థి త్వరగా తనవాడిగా చేసుకుంటాడు.

కూర వండినప్పుడు కాస్త నీరు ఎక్కువపోసి పొరుగింటికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు. తల్లులు ఈ వారం ఆ గిన్నెను కొత్తగా వచ్చిన ఇంటికి పిల్లల చేతనే పంపాలి. గిన్నెతోపాటు ఆ ఇంటివారి పేరు తెలుసుకొని రమ్మనాలి. మన పొరుగు ఎవరికైనా నిర్భయంగా తలదాచుకోదగిన కొమ్మ అయ్యేలా అల్లాహ్ మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.