వివాహపు పద్దు: రైతు కుటుంబమున కది యేల యవసరము?

సంతలో ఎద్దుల జతను కొన్నప్పుడు మనము రసీదు అడుగుదుము. ఎకరము మెట్టభూమి కొన్నప్పుడు సబ్ రిజిస్ట్రారు కచేరీకి పోయి, దస్తావేజు వ్రాయించి, సాక్షులచే చేవ్రాళ్లు చేయించి, ఆ కాగితమును పెట్టెలో భద్రపరచుదుము. సంఘములో విత్తనముల కప్పు తీసికొన్నప్పుడు పద్దు సరిగా పడినదో లేదో యని ఒకటికి రెండుమార్లు చూచుకొందుము. ఇంత జాగ్రత్త గల మనము, జీవితమంతయు నిలువవలసిన యొక కార్యమును మాత్రము కాగితముపై పెట్టుట మఱచుచున్నాము. అది వివాహము.

పందిరికి, భోజనములకు, బట్టలకు అప్పు చేసియైనను ఖర్చు పెట్టుదుము. ఆ మఱునాడు ఒక పూట కచేరీకి పోయి వివాహమును నమోదు చేయించుట మాత్రము మనకు పెద్ద పనిగా తోచును. "ఊరంతయు చూచిన పెండ్లికి కాగిత మెందుకు?" అందురు. ఈ ప్రశ్నకు నా అనుభవములోని యొక సంగతిచే జవాబు చెప్పెదను.

నేను విత్తన ప్రదర్శనములకై తిరుగు గ్రామములలో ఒకదానియందు నాలుగెకరముల మెట్టరైతు ఒక డుండెను. మన పాత అనంతపురం జిల్లాలో సాలీనా సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు వేళకు పడదు. వేరుసెనగ ఊడలు దిగు సమయమున వాన మొగము చాటువేసిన యొక యేడు, ఆ రైతు బెంగుళూరునకు కట్టడపు పనికి పోయెను. అచ్చట పైనుండి జారిపడి మరణించెను. ఇంటియొద్ద భార్య, ఇద్దరు పిల్లలు మిగిలిరి.

ఆమెకు రావలసినవి కొన్ని గలవు. పని చేయించినవా రియ్యవలసిన పరిహారము, సంఘములో భర్త వాటాధనము, విధవలకు ప్రభుత్వ మిచ్చు పింఛను, పొలము పట్టా మార్పు. ఆమె ఏ కచేరీకి పోయినను మొదటి ప్రశ్న ఒక్కటియే: "నీ వాతని భార్యవని చూపు కాగిత మేది?" ఆమె ఆధారు కార్డు పెండ్లికి ముందు పుట్టింట తీయించినది, అందు తండ్రి పేరే యున్నది. రేషను కార్డులో ఆమె పేరు పుట్టింటివారి కార్డునుండి మార్చబడలేదు. పెండ్లి కొండమీది గుడిలో జరిగినది. అది కరవు యేడగుటచే శుభలేఖలు అచ్చు వేయింపలేదు. తీయించిన రెండు ఫోటోలును ఇల్లు కురిసి పాడైపోయినవి.

ఆమె నాతో నిట్లనెను: "సామీ, నా మెడలో తాళి కట్టినప్పుడు మూడూళ్లోళ్లు అక్షింతలు ఏసినారు. ఇప్పుడు నేను ఎవురో నిరూపించుకోవాల్నంట!"

ఆమె భార్య కాదని ఎవ్వరును అనలేదు. అత్తమామలును అనలేదు, మఱదులును అనలేదు. కాని భార్య యని వ్రాసిన కాగితము ఒక్కటియు లేదు. తుదకు పిల్లల బడి రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లు, ఓటర్ల జాబితా, గ్రామ పెద్దల వాఙ్మూలములు కూర్చి పని జరుపుకొనుటకు పదునాలుగు నెలలు పట్టినది. నడుమ మృగశిర కార్తెలో మంచి పదునైనది. పట్టా ఆమె పేర లేదు గనుక విత్తనములకు అప్పు పుట్టలేదు. ఇరుగుపొరుగు గొర్రులు సాగుచుండగా ఆమె పొలము బీడుగా నుండెను. ఒక కాగితము లేని ఫలితముగా ఆ కుటుంబ మొక పంటను పోగొట్టుకొన్నది.

ఇక చట్టము చెప్పునది చూతము. మన దేశములో శాస్త్రప్రకారము పెండ్లి చేసికొనుటకు ముందుగా ప్రభుత్వపు అనుమతిపత్రము పొందనక్కఱలేదు. అమెరికా మొదలగు దేశములలో వధూవరులు ముందుగా కచేరీకి పోయి లైసెన్సు పొందిన పిమ్మటనే వివాహము జరుగును. మనకు పెండ్లి ముందు, నమోదు తరువాత. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము 8వ విభాగమున నమోదును గూర్చి చెప్పుచున్నది. నమోదు కానంత మాత్రమున పెండ్లి చెల్లకపోదని కూడ ఆ విభాగమే స్పష్టముగా చెప్పుచున్నది. కావున నమోదు లేనివారు భయపడనక్కఱలేదు. కాని చెల్లుట వేఱు, నిరూపించుట వేఱు.

1978లో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున, సుమారు ఏబది యేండ్లు భార్యాభర్తలుగా కలిసి బ్రతికినవారిని దంపతులుగానే యెంచవలెనని తీర్పు చెప్పినది. తీర్పు న్యాయమైనదే. అయినను, అర్ధశతాబ్దము కాపురము చేసినవారి విషయము అంత పెద్ద న్యాయస్థానము వఱకు పోవలసి వచ్చెనని మనము గమనింపవలెను. మెట్టరైతుకు అంత దూరము పోవు శక్తి యెక్కడిది?

మన రాష్ట్రములో 2002లోనే ఆంధ్రప్రదేశ్ వివాహముల నిర్బంధ నమోదు చట్టము వచ్చినది. అది అన్ని మతములవారికిని వర్తించును. పిమ్మట 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, దేశములోని పౌరు లందఱి వివాహములును, వారే మతమువారైనను, తప్పక నమోదు కావలెనని ఆదేశించినది. నమోదు కానిచో బాల్యవివాహములను, రెండవ పెండ్లిండ్లను అరికట్టుట కష్టమనియు, స్త్రీలు తమ పోషణ హక్కును, భర్త యాస్తిలో వాటాను పొందుట దుర్లభ మగుననియు అప్పుడు చూపబడిన కారణములు. మన సంఘ సభ్యుల యిండ్లలో ఇవి నిత్యము కనబడునవే.

నమోదు చేయించు విధము కష్టమైనది కాదు. హిందూ వివాహమైనచో, వివాహము జరిగిన స్థలముగాని, వధూవరుల నివాసముగాని యే సబ్ రిజిస్ట్రారు కచేరీ పరిధిలో నున్నదో అచ్చటికి పోవలెను. సామాన్యముగా కావలసినవి యివి:

1. వధూవరు లిరువురును చేవ్రాలు చేసిన దరఖాస్తు.
2. ఇరువురి వయస్సును చూపు పత్రములు. బడి సర్టిఫికెట్టు అన్నిటికంటె మేలు.
3. నివాసమును చూపు పత్రములు. ఆధారు కార్డు మొదలగునవి.
4. శుభలేఖ, పెండ్లినాటి ఫోటో. గుడిలో జరిగినచో గుడివా రిచ్చిన రసీదును పారవేయక దాచవలెను.
5. పెండ్లిని కన్నులార చూచిన ముగ్గురు సాక్షులు, వారి గుర్తింపు పత్రములతో.

2002 చట్టము క్రింద నమోదును గూర్చి మీ గ్రామ పంచాయతీ కచేరీలో ముందుగా విచారించుట మంచిది. రుసుము చెల్లించినప్పుడెల్ల రసీదు అడిగి తీసికొనుడు.

రిజిస్టరులో పేర్లు వ్రాయునప్పుడు ప్రక్కన నిలిచి చదివించుకొనుడు. ఇది నేను గట్టిగా చెప్పు మాట. ఆధారులో ఒక పేరు, బడిలో ఒక పేరు, పట్టాలో ఇంకొక పేరు ఉండుట మనవారిలో సామాన్యము. పెద్దన్న యొకచోట పెద్దయ్య యగును. ఇంటిపేరు ఒకచోట ఉండి మఱియొకచోట పోవును. ఆనాడు రెండు నిమిషములలో దిద్దదగిన తప్పును పదియేండ్ల తరువాత దిద్దుటకు పలుమార్లు తిరుగవలసి వచ్చును.

సర్టిఫికెట్టు పోయినచో దిగులు పడవలదు. అది ప్రతి మాత్రమే. అసలు పద్దు రిజిస్టరులో నుండును. హిందూ వివాహముల రిజిస్టరును తగు వేళలలో ఎవరైనను చూడవచ్చుననియు, దరఖాస్తు పెట్టి రుసుము చెల్లించినవారికి ధ్రువీకరించిన నకలు ఇయ్యవలెననియు చట్టములోనే యున్నది. ఆ నకలు కోర్టులో సాక్ష్యముగా చెల్లును. అయితే ఏ కచేరీలో, ఏ సంవత్సరమున, ఏ నంబరుతో నమోదైనదో తెలిసియున్నచో పని సులభము. కావున ఆ మూడును సంఘపు పాసుపుస్తకము వెనుక పుటలో వ్రాసికొనుడు. 2022 ఏప్రిల్ 4న మన జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లా వేఱు చేయబడినది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో అంతకుముందు నమోదైన పత్రములపై అనంతపురం జిల్లా యనియే యుండును. అది తప్పు కాదు. పత్రముపై నున్న కచేరీ పేరు చూచి అచ్చటనే అడుగుడు.

సరిహద్దు గ్రామములవారి కింకొక మాట. మనకు బళ్లారి, పావగడ ప్రాంతములతో వియ్యము లెక్కువ. పెండ్లి కర్ణాటకములో జరిగి అచ్చటనే నమోదైనచో పద్దు అచ్చటి కచేరీలోనే యుండును. అది కన్నడములో నుండిన, పేర్లు మన పత్రములతో సరిపోయినవో లేదో అప్పుడే చూచుకొనవలెను.

ముస్లిము సోదరులు ఖాజీగారు వ్రాసి యిచ్చిన నిఖానామాను భద్రపఱచుకొనవలెను. క్రైస్తవ వివాహములు 1872వ సంవత్సరపు చట్టము ననుసరించి దేవాలయపు రిజిస్టరులో వ్రాయబడును. నేను మిషను బడిలో చదువుకొన్న దినములలో ఆ లావుపాటి పుస్తకమును చూచితిని. కూలివాని పెండ్లికిని, ఉపాధ్యాయుని పెండ్లికిని అందు ఒక్క కొలత గీతలే. వేలిముద్ర వేసిన వధువు పేరు కూడ అందు నిలిచియున్నది. వేఱువేఱు మతములవారు పెండ్లాడదలచినచో 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము గలదు. దాని క్రింద మాత్రము ముందుగా నోటీసు ఇచ్చి ముప్పది దినములు వేచియుండవలెను. ఇరువురిలో నొకరైనను నోటీసునకు ముందు ముప్పది దినములు ఆ జిల్లాలో నివసించియుండవలెను. ముగ్గురు సాక్షులు కావలెను.

వయస్సును గూర్చి చెప్పక తప్పదు. 1930 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన శారదా చట్టము ఆడపిల్లకు 14, మగవానికి 18 ఏండ్లు నిర్ణయించెను. 1978 సవరణమున అవి 18, 21 ఆయెను. కరవు యేట పిల్ల నొక యింటిదానిని చేసి వలస పోవుదమని తలచు తండ్రుల నెఱుగుదును. వారి కష్టమును నేను కాదనను. కాని లేత మొక్కను పెరికి వేఱొకచోట నాటిన నిలువదని మనకంటె నెవ్వరెఱుగుదురు? వయస్సు నిండని పెండ్లి నేరము. దానిని దాచుటకై నమోదు మానినచో, రేపు ఆ పిల్లకే ఏ హక్కునకును ఆధారము లేకుండ పోవును.

పెండ్లి జరిగి పది, ఇరువది యేండ్లయిన దంపతులు మాకిక పనికిరాదని అనుకొనవలదు. హిందూ వివాహ చట్టము క్రింద పాత పెండ్లిండ్లను కూడ నమోదు చేయించుకొనవచ్చును. అయితే సామాన్యముగా ఇరువురి చేవ్రాళ్లును కావలసియుండును. అనగా ఇరువురును బ్రతికియుండగనే జరుగవలసిన పని. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

మన సంఘము ఈ విషయమున కొంత చేయగలదు. విత్తనముల పంపకమునకు సభ్యులు వచ్చు దినమున, కార్యదర్శిగారు ప్రతి సభ్యుని ఒక్క ప్రశ్న అడుగవచ్చును: "మీ పెండ్లి నమోదైనదా? సంఘములో వారసురాలిగా మీ యింటామె పేరు వ్రాయించితిరా?" లేదన్నవారిని నలుగురైదుగురు దంపతులుగా కూర్చి, ఒక్కనాడే కచేరీకి పంపిన, ఒకరి పెండ్లికి మఱియొకరు సాక్షులు కాగలరు, కూలి దినములును కలిసివచ్చును. పరస్పర సహాయ మనగా ఇదియే గదా.

పైన చెప్పిన ఆ తల్లి ఇప్పుడు తన పేర పట్టా పొంది వేరుసెనగ, కంది కలిపి విత్తుచున్నది. గడచిన సంవత్సరము ఆమె చెల్లెలి పెండ్లి జరిగినది. మూడవ నాడు కొత్త దంపతులను, ముగ్గురు సాక్షులను వెంటబెట్టుకొని కచేరీ మెట్లెక్కినది ఆమెయే. నకలు చేతి కందిన తరువాత, చదువు రానిదయ్యు, దానిని వెలుతురునకు పట్టి చెల్లెలి పే రెక్కడ నున్నదో నాచే చూపించుకొన్నది.