చెవి నుండి జీవకణమునకు

రేడియో పెట్టెకున్న మీట త్రిప్పినప్పుడు రెండు పనులు జరుగును. ఒక్కసారిగా వచ్చి తాకు అనేక తరంగములలో మనకు కావలసిన దానిని ఏరుకొనుట మొదటిది. దూరము నుండి నీరసించి వచ్చిన ఆ తరంగమును చెవికి వినబడునంతగా పెంచుకొనుట రెండవది. ఇట్లు ఏరుట, పెంచుట, వడగట్టుట, సరిపోల్చుట మొదలైన పనులకన్నింటికి ఇంజనీర్లు సిగ్నల్ ప్రాసెసింగ్, అనగా సంకేత సంస్కరణము, అని పేరు పెట్టిరి. చూచుటకిది విద్యుత్పరికరములకు సంబంధించిన విద్య. కాని మన చెవి చేయు పనియు ఇదియే. కంటికి కనబడని సూక్ష్మజీవి చేయు పనియు ఇదియే. ఈ మూడింటిని ఒక్క సూత్రముతో కలిపి చూచిన ఇంజనీరు రాహుల్ సర్పేష్కర్. ఆయన పరిశోధన చెవితో ఆరంభమై జీవకణము వరకు సాగినది.

ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో విద్యుత్ ఇంజనీరింగును, భౌతికశాస్త్రమును చదివెను. పిదప కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో కార్వర్ మీడ్ ఆచార్యునివద్ద పరిశోధన చేసి 1997లో డాక్టరు పట్టము పొందెను. అంతకు ముందే, 1988లో, మీడ్, రిచర్డ్ లయన్ అను ఇరువురు చెవిలోని కర్ణావర్తమును అనుకరించు సిలికాన్ చిప్పు నొకదానిని నిర్మించియుండిరి. కర్ణావర్తమనగా లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొనియున్న నాళము. కీచుధ్వనులకు దాని మొదలును, బొంగురుధ్వనులకు దాని కొసయు స్పందించును. రేడియో ఒక్కసారి ఒక్క కేంద్రమునే పట్టగా, కర్ణావర్తము అన్ని స్థాయిలను ఒకేసారి విడదీసి వినిపించును. మనము వినగల అతి మెల్లని ధ్వనికిని, చెవి నొప్పించు ధ్వనికిని నడుమ తీవ్రతలో లక్షకోట్ల రెట్ల భేదము కలదు. ఇంతటి వ్యత్యాసమును ఈ చిన్న అవయవము అత్యల్పమైన శక్తితో నెగ్గుకొని వచ్చుచున్నది.

ఇదెట్లు సాధ్యమగుచున్నది? చెవిలోని భాగములేవియు గడియారపు చక్రములవలె కచ్చితమైనవి కావు. ప్రతిదానిలోను కొంత వణుకు, కొంత గరగర ఉండనే ఉండును. నమ్మదగని భాగములతో నమ్మదగిన లెక్క ఎట్లు కట్టవచ్చునన్నదే సర్పేష్కర్ పరిశోధన గ్రంథమునకు విషయము. 1998లో ప్రకటించిన వ్యాసమున ఆయన అనలాగ్, డిజిటల్ పద్ధతులను తూకము వేసెను. డిజిటల్ పద్ధతి ప్రతి సంకేతమును అవును, కాదు అను రెండు మాటలలోనికి దించి లెక్కించును. అనలాగ్ పద్ధతిలో సంకేతము త్రాసు ముల్లువలె ఎక్కువ తక్కువలను అన్ని మెట్లలోను చూపగలదు. మిక్కిలి కచ్చితత్వము కావలసినచోట డిజిటల్ పద్ధతియే చౌక; కొలది కచ్చితత్వము చాలినచోట అనలాగ్ పద్ధతి చౌక; ప్రకృతి ఈ రెండింటిని కలిపి వాడుకొనుచున్నది. ఇది ఆయన తేల్చిన విషయము.

ఈ తూకము పండితుల వినోదము మాత్రమే కాదు. పుట్టు చెవుడు గల బిడ్డకు కర్ణావర్తములో సన్నని తీగలమర్చి, వాటి ద్వారా నాడికి విద్యుత్తు పంపి, వినికిడి కలిగింపవచ్చును. అయితే ధ్వనిని విడదీయు యంత్రమును నడుపుటకు బ్యాటరీ కావలెను. యంత్రమంతయు చర్మము క్రిందనే అమర్చదలచినచో, ఆ బ్యాటరీ ఏండ్ల తరబడి నిలువవలెను. దానిని మార్చవలసినప్పుడెల్ల బిడ్డ శస్త్రచికిత్సకు లోను కావలసియుండును. 2005లో సర్పేష్కర్ బృందము ప్రకటించిన అనలాగ్ చిప్పు ధ్వనిని 16 భాగములుగా విడదీయుటకు, మైక్రోఫోను ఖర్చుతో సహా, 211 మైక్రోవాట్లు మాత్రమే వ్యయపరచినది. ఒక వాటులో పదిలక్షవ వంతు మైక్రోవాటు. నాటి డిజిటల్ నమూనాలకు కావలసిన శక్తిలో ఇది ఇరువదియైదవ వంతు. 2009లో ఆ బృందమే కర్ణావర్తపు నమూనాను రేడియో తరంగములకు అనువుగా మలచి, విశాలమైన తరంగశ్రేణిని ఒకేసారి విడదీయు చిప్పును చేసినది.

ఇక జీవకణము మాట. ట్రాన్సిస్టరును పూర్తిగా తెరువక అతి స్వల్పమైన విద్యుత్తుతో నడిపినప్పుడు, ఎలక్ట్రానులు ఒక శక్తి గట్టును దాటి ప్రవహించును. గట్టు ఎత్తు కొంచెము తగ్గినను దాటు ఎలక్ట్రానుల సంఖ్య రెట్లు రెట్లుగా పెరుగును. కణములోని రసాయనచర్యలలో అణువులు దాటవలసినదియు అట్టి గట్టునే. ఆ లెక్కయు అదే లెక్క. ఈ పోలికను పట్టుకొని సర్పేష్కర్ కణములోని రసాయన వ్యవహారమును విద్యుత్ వలయముగా గీయవచ్చునని చూపెను. అంతటితో దారి తిరుగు దిశయందును తెరచుకొనినది: వలయములు గీయనేర్చినవాడు జన్యువులతోను వలయము కట్టవచ్చును.

జన్యువులతో కొత్త వలయములు కట్టు విద్యయే సింథటిక్ బయాలజీ. 2000లో రెండు బృందములు ఈ.కోలై అను బ్యాక్టీరియాలో, ఒకటి మీటవలె పనిచేయు వలయమును, మరొకటి లోలకమువలె ఊగు వలయమును కట్టినవి. అటుపిమ్మట చాలమంది కణమును చిన్న డిజిటల్ యంత్రముగా భావించి, దానిలో అవును, కాదు అను ద్వారములు పేర్చసాగిరి. కాని ఈ.కోలై పొడవు మిల్లీమీటరులో సుమారు అయిదు వందలవ వంతు. మనము చేర్చు ప్రతి జన్యువును ఆ చిన్న సంసారము పోషింపవలెను. భారము ఎక్కువైనచో కణము సరిగా పెరుగదు.

ఇక్కడ చెవి నేర్పిన పాఠము అక్కరకు వచ్చినది. 2013లో రమీజ్ దానియల్, జేకబ్ రూబెన్స్, సర్పేష్కర్, టిమొతీ లూ అను నలుగురు నేచర్ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. రెండు జన్యువులు ఒకే ప్రొటీనును తయారుచేసినచో, కణములో ఆ ప్రొటీను మొత్తమే రెండింటి కూడిక; కూడుటకు వేరు యంత్రమక్కరలేదు. జన్యువులను నియంత్రించు మూడే ప్రొటీనులతో వారు కూడిక, నిష్పత్తి, ఘాతము అను లెక్కలు కణముచేత చేయించిరి. సాధారణముగా సంకేతము పెరిగిన కొలది దానిని అందుకొను ప్రొటీను చాలక, కొలత మధ్యలోనే ఆగిపోవును. వారు ఫలితమును మరల మొదటికి పంపి, సంకేతముతోపాటు ఆ ప్రొటీనును పెరుగునట్లు చేసిరి. అందువలన కొలత పదివేల రెట్ల వరకు సాగినది. అదియు సంవర్గమానము చొప్పున సాగినది. కార్తీకమాసమున కోనేటి మెట్లపై పది దీపములున్నచోట పదునొకండవది పెట్టినచో భేదము తెలియును. వేయి దీపములున్నచోట తెలియుటకు మరి నూరు పెట్టవలెను. మన ఇంద్రియములు పాటించు ఈ ధర్మమునే ఆ బ్యాక్టీరియా వలయమును పాటించినది.

దీనినిబట్టి కణము మన చేతి పనిముట్టు అయిపోయినదని తలచరాదు. అది ప్రయోగశాలలోని బ్యాక్టీరియాలో జరిగిన పని, ఔషధము కాదు. ఇనుముతో చేసిన యంత్రము రేపటికి మరొక యంత్రముగా మారదు, కణమట్లు కాదు. అది విభజన చెందును, మార్పులకు లోనగును, తరములు గడచిన కొలది భారమనిపించిన జన్యువును పోగొట్టుకొనును. అణువులు కొలదిగా ఉన్నచోట గరగర కూడ హెచ్చుగా ఉండును. కనుకనే డిజిటల్ పద్ధతి కావలసిన తావులు కణములోను ఉండనే ఉన్నవి. అయినను, రోగముయొక్క గుర్తు దేహములో ఉన్నదా లేదా యని మాత్రమే కాక, ఎంత ఉన్నదో కొలిచి, అంతకు తగినంత మందునే విడుదల చేయు కణము ఎన్నడైన తయారు కావలెనన్నచో, దానికి త్రాసు ముల్లువంటి అనలాగ్ విద్య అవసరము.

సర్పేష్కర్ 1999 నుండి మసాచుసెట్స్‌లో బోధించి, పిమ్మట డార్ట్‌మత్ కళాశాలలో ఆచార్యుడయ్యెను. అచ్చట ఆయన ఆచార్యత్వము ఇంజనీరింగు, భౌతికశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము అను విభాగములకు విస్తరించినది. చూపరులకు ఇది ఒక శాస్త్రమును విడిచి మరొక శాస్త్రమును చేపట్టినట్లు తోచును. నిజమునకు ఆయన పట్టుకొనిన ప్రశ్న ఒక్కటియే: కొలది శక్తితో, వణకు భాగములతో, సరియైన లెక్క కట్టుట ఎట్లు? ఆ ప్రశ్నకు సమాధానము ఏ శాస్త్రమున ఉన్నదని తోచెనో, ఆ శాస్త్రమును ఆయన నేర్చుకొనెను. శాస్త్రములకు మనము గట్లు వేసికొనినది బోధనా సౌలభ్యము కొరకే; ప్రకృతి ఆ గట్లను ఎరుగదు.