విషాదమూ, విశ్వవిద్యాలయ ప్రవేశమూ

ఇంటరు ఫలితములు వెలువడిన పిదప కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల తలిదండ్రులు వైద్యుని తరచుగా అడుగు కోరిక ఒకటున్నది. "అయ్యగారూ, మా పోరడు ఫారం ముంగట గంటలకొద్ది కూసుంటున్నడు, ఒక్క ముక్క నింపుతలేడు. తెలివికి ఏదన్న లేహ్యం ఇయ్యుండ్రి."

తెలివి తక్కువై కాదు. రెండు వారములకు మించి ప్రతిదినమూ దిగులు, దేనియందును ఆసక్తి లేమి, నిద్రాహారములు తారుమారగుట, తాను పనికిరాననుకొనుట కనబడినచో అది వ్యాధి. రోగమును పెంచువానిలో విషాదమే ప్రధానమని చరకసంహిత సూత్రస్థానము 25వ అధ్యాయమున చెప్పబడినది. దానిని సోమరితనమని తిట్టుట విషాదమునకు మేత వేయుటయే.

శాతవాహన విశ్వవిద్యాలయ కళాశాలలలో డిగ్రీ ప్రవేశములు 2016 నుండి 'దోస్త్' ద్వారా జరుగుచున్నవి. నమోదు, కళాశాలల ఎంపిక, సీటు వచ్చిన పిదప గడువులోగా ధ్రువీకరణ. ఇది తప్పినచో సీటు పోవును. ఆరోగ్యవంతునికి ఇది ఒక పూట పని. విషాదగ్రస్తునికి నిర్ణయించు శక్తియే మొదట సన్నగిల్లును గనుక ప్రతి మెట్టూ ఒక గుట్ట. కావున ఇంటివారొకరు ప్రక్కన కూర్చుండి దినమునకు ఒక్క పని చేయించవలెను. నేడు మెమో, టీసీ. రేపు మీసేవలో ఆదాయ పత్రము. ఎల్లుండి ఆధార్‌కు ఫోను నంబరు జతపరచుట. గడువు తేదీలను పెద్దలే గుర్తుంచుకొనవలెను. కళాశాలను మాత్రము వానికి తెలియకుండ ఎంచరాదు. ఆ తొందర చాలమందికి ఉన్నది!

బాసర ట్రిపుల్ ఐటీ వంటి వసతి విద్యాలయమైనచో అచట మందులు, నిద్ర కనిపెట్టువారెవరో ముందే విచారించవలెను. ఈ యేడు చేరలేకున్న కొంప మునుగదు. 1982లో స్థాపితమైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు ఈ రెండు పట్టణములలోను అధ్యయన కేంద్రములున్నవి. ఇదివరకే చేరినవారు హాజరు తగ్గుచున్నప్పుడే వైద్యుని పత్రమును కళాశాలకు ఇయ్యవలెను; పరీక్షల ముందు ఇచ్చిన వినువారుండరు.

ఇక చికిత్స. మనస్సును అహితమునుండి మరల్చుటను చరకుడు సత్త్వావజయమనెను. సూర్యోదయమున నడక, పగటినిద్ర మానుట, నువ్వులనూనెతో అభ్యంగము, వేళకు వేడి గట్కయో పెసరకట్టో తినుట దీనికి తోడు. ఆకలి నిలుచువరకు ఒంటరిగా తిననీయరాదు. సరస్వతి ఆకు పేర మన అంగళ్ళలో దొరకునది మండూకపర్ణి; బ్రాహ్మి వేరు మొక్క. ఏదైనను వైద్యుని అడుగక వాడరాదు. అశ్వగంధ నిద్రమాత్రలతోను, థైరాయిడు మందులతోను పొసగకపోవచ్చును.

ఇవి తోడు మాత్రమే. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలను మా మాట మీద ఆపరాదు. ఆదిలాబాదు రిమ్స్ వంటి ప్రభుత్వాసుపత్రికి వెనుకాడక తీసికొనిపోవలెను. 'టెలి మానస్' 14416కు రేయింబవళ్ళు ఉచితముగా తెలుగులోనే మాటలాడవచ్చును. చావు మాట వాని నోట వచ్చినచో ఒంటరిగా విడువక, ఇంటనున్న పురుగుల మందును ఆ క్షణమే ఇల్లు దాటించి, ఆనాడే వైద్యునికి చూపవలెను.