మూత విప్పకముందే యాంప్లిఫయర్ చెప్పేస్తుంది: మీకు తెలుసా?

• స్పీకర్లో ‘గుంయ్’మనే మోత రెండు రకాలు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లోపలి నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాన్ని డీసీగా మార్చేటప్పుడు ఆ 50 కాస్తా 100 అవుతుంది. ఆ ఊపును చదును చేయాల్సింది పెద్ద ఫిల్టర్ కెపాసిటర్. అది ఎండిపోతే 100 హెర్ట్జ్ మోత వినిపిస్తుంది, వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా చాలావరకు అలాగే ఉంటుంది. 50 హెర్ట్జ్ మోతయితే సరిగ్గా ఒక స్థాయి కింద, మంద్రంగా పలుకుతుంది. సంగీతం అలవాటున్న చెవికి ఈ తేడా ఇట్టే దొరుకుతుంది. ఇన్‌పుట్ పిన్ను పీకగానే అది ఆగిపోతే తప్పు వైరుదో, షీల్డుదో, ఎర్తింగుదో. ఐసీ జోలికి వెళ్ళే ముందు దయచేసి ఈ పరీక్ష చేయండి. బాగున్న ఐసీని పీకితే బోర్డు మీది రాగి గీతలు కూడా ఊడిరావచ్చు.

• ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు వేడే శత్రువు. 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. హీట్‌సింకును ఆనుకుని ఉన్నదాన్ని ముందు అనుమానించండి. తల ఉబ్బకపోయినా లోపల ఎండి ఉండవచ్చు.

• మెకానిక్ బల్ల మీద పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఎందుకుంటుంది? యాంప్లిఫయర్‌కు వచ్చే కరెంటు దారిలో సీరీస్‌లో పెట్టడానికి. చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం, వెలిగేటప్పటి నిరోధంలో పదో వంతు కూడా ఉండదు. యాంప్లిఫయర్ బాగుంటే కెపాసిటర్లు నిండేదాకా బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారుతుంది. ఎక్కడైనా షార్టుంటే నిండుగా వెలుగుతూనే ఉంటుంది, కొత్తగా వేసిన ట్రాన్సిస్టర్లు కాలిపోకుండా కరెంటును అడ్డుకుంటుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. రిపేరు బల్ల మీద ఇంతకంటే విలువైన వస్తువు లేదని నా నమ్మకం.

• 8 ఓంల స్పీకర్ మల్టీమీటర్లో 6 ఓంల దగ్గర చూపిస్తుంది. అది లోపం కాదు.

• స్పీకర్ కాలిందంటే నేరం చాలాసార్లు యాంప్లిఫయర్‌దే. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే సప్లై డీసీ నేరుగా కాయిల్లోకి పోతుంది. కొత్త స్పీకర్ తగిలించేముందు ఔట్‌పుట్‌లో డీసీ కొలవండి. ప్లస్, మైనస్ సప్లైలున్న యాంప్లిఫయర్లో అది కొద్ది పదుల మిల్లీవోల్టులు దాటకూడదు.

• ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయకండి, రెసిస్టర్ ద్వారా దించండి.

• ఏడాదికోసారి వినాయక చవితికి బయటికి తీసే సెట్‌లో వాల్యూమ్ గరగరలాడితే ముందు కంట్రోల్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి చూడండి.

• ఒక్క భాగం పోతే వోల్టేజీలన్నీ తారుమారు కావడానికి మూలం 1927 నాటి ఆలోచన. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఆ ఆగస్టు 2న హడ్సన్ నది దాటే ఫెర్రీలో పనికి వెళ్తూ, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ బొమ్మ గీశాడు. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపి ధ్వని వక్రీకరణను తగ్గించే పద్ధతి అది. మన స్టీరియోల స్వచ్ఛత దాని చలవే. కానీ ఆ వలయంలో కారణమేదో ఫలితమేదో తేల్చడం కష్టం. అందుకే వోల్టేజీల వెంటపడేముందు పవర్ తీసేసి, ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా డయోడ్ రేంజిలో కొలవాలి.