తుప్పు కొలతలో ఒక్క మెతుకు చాలదు

కడుపులో బిడ్డను చూపే స్కానింగూ, రిఫైనరీ పైపు గోడ మందం చెప్పే గేజీ దగ్గరి చుట్టాలే. రెంటిలోనూ పనిచేసేది చెవికి అందని శబ్దమే, రెంటికీ ముందు జెల్ పూయాల్సిందే. ఆ పోలిక వల్లనేమో, ప్రోబ్ ఆనించగానే పైపు లోపలి తుప్పంతా బొమ్మ కట్టినట్టు కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా బొమ్మ గీసే ఖరీదైన పరికరాలూ ఉన్నాయి గానీ, ప్లాంట్లలో మామూలుగా వాడే చేతి గేజి చూపేది ఒకే ఒక్క అంకె. అదీ ప్రోబ్ ఆనిన చోటి మందం, బొటనవేలి గోరంత మేర.

“మీటరే చెప్పాక ఇంకేముంది?”

నిజానికి గేజి మందాన్ని కొలవదు, కాలాన్ని కొలుస్తుంది. శబ్దం ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోతుంది. 10 మిల్లీమీటర్ల గోడ అవతలి ముఖాన్ని తాకి వెనక్కి రావడానికి దానికి మూడున్నర మైక్రోసెకన్లు కూడా పట్టదు. ఆ కాలాన్ని మనం చెప్పిన వేగంతో హెచ్చవేసి, సగం చేసి చూపిస్తుంది గేజి. వేగం తప్పు చెబితే తప్పు మందాన్నే నిబ్బరంగా చూపిస్తుంది.

పైపుకున్న రంగునే తీసుకోండి. అందులో శబ్దం ఉక్కులో సగం వేగంతో కూడా నడవదు. రంగును లెక్కలోంచి తీసేసే పద్ధతి గేజిలో లేకపోతే, అర మిల్లీమీటరు రంగు కాస్తా మిల్లీమీటరుకు పైగా ఉక్కుగా లెక్కకొస్తుంది. వేడి సంగతీ అంతే. సుమారు 55 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఉక్కులో శబ్దవేగం ఒక శాతం తగ్గుతుంది. మందం తెలిసిన చల్లని ఉక్కు బ్లాకు మీద గేజిని కాలిబ్రేట్ చేసి, మండే లైను మీద ప్రోబ్ పెడితే గోడ ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది. ఇక గోడ బాగా అరిగి మిల్లీమీటరు దరిదాపులకు వస్తే, కొన్ని ప్రోబ్‌లు మొదటి ప్రతిధ్వనిని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటాయి. అప్పుడు రీడింగ్ రెట్టింపు. ఈ మూడు పొరపాట్లూ ఒకే వైపు మొగ్గుతాయి చూడండి, లేని ఉక్కును ఉన్నట్టు చూపే వైపు. నన్ను భయపెట్టేది అదే.

“రీడింగ్ సగానికి పడిపోయిందంటే తుప్పే”

కాకపోవచ్చు. ప్లేటు తయారీలోనే మధ్యలో పొర విడిపోయి ఉంటే శబ్దం అక్కడినుంచే తిరిగొస్తుంది. పక్కన రెండంగుళాలు జరిపి చూస్తే తేడా చాలావరకు తెలిసిపోతుంది.

“నాలుగు చోట్ల చూశాం, చాల్లే”

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటాం. తుప్పు అన్నంలా సమంగా ఉడకదు.

కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, షెవ్రాన్ రిఫైనరీలో 2012 ఆగస్టు 6న 8 అంగుళాల పైపు పగిలి మంటలు లేచాయి. ఆ పొగకు సుమారు 15,000 మంది ఆసుపత్రుల బాట పట్టారు. నూనెలోని గంధక సమ్మేళనాలు వేడిలో ఉక్కును తినేస్తాయి. సిలికాన్ తక్కువున్న ఉక్కునైతే మరీ వేగంగా తింటాయి. ఆ లైనులో రీడింగులు తీసిన మోచేతి బెండ్లలో సిలికాన్ తగినంత ఉంది, వాటి రీడింగులూ బాగానే వచ్చాయి. పగిలిన ముక్క వాటితో కలిపి వెల్డు చేసిందే. పొడవు 52 అంగుళాలు, లోపల పారింది అదే నూనె. దానిలో సిలికాన్ దాదాపు లేదు. పగులు దగ్గర గోడ 90 శాతం వరకు కరిగిపోయింది. క్రమం తప్పక రీడింగులు తీసే చోట్లలో అది లేనే లేదు.

జపాన్‌లోని మిహామా అణు విద్యుత్ కేంద్రం కథ ఇంకా దారుణం. 2004 ఆగస్టు 9న మూడో యూనిట్‌లో వేడినీటి పైపు పగిలి ఐదుగురు కార్మికులు చనిపోయారు. 1976లో యూనిట్ నడక మొదలైనప్పటినుంచీ, 10 మిల్లీమీటర్ల ఆ గోడను అక్కడ ఒక్కసారీ కొలవలేదు. తనిఖీ జాబితాలోనే ఆ చోటు రాయలేదు మరి! ఈ రెండు చోట్లా గేజిని తప్పుపట్టడానికేమీ లేదు.

సన్నని గుంటల తుప్పుదైతే మరో పేచీ. గుంట ఏటవాలు గోడ శబ్దాన్ని పక్కకు చిమ్మేస్తుంది. ప్రోబ్ సరిగ్గా దాని మీదే ఉన్నా, చుట్టూ ఉన్న మంచి గోడ రీడింగే రావచ్చు. గుంటల అనుమానం ఉన్నచోట గళ్లు గీసి మొత్తం స్కాన్ చేయాలి.

పూడ్చిన లైన్లకు చేతి గేజి పనికిరాదు. అప్పటి తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో 2014 జూన్ 27న 20 మందికి పైగా ప్రాణాలు తీసిన గ్యాస్ పైపులైను ప్రమాదానికి తుప్పే మూలం. ఇలాంటి లైన్లలోకి ‘పిగ్’ అనే పరికరాన్ని పంపుతారు. అల్ట్రాసోనిక్ పిగ్‌కు చుట్టూ ద్రవం ఉండాలి, జెల్ చేసే పని అక్కడ ద్రవం చేస్తుంది. అందుకే గ్యాస్ లైన్లలో ఎక్కువగా అయస్కాంత పిగ్‌లే నడుస్తాయి.

“పోయినేడు 9.4, ఈ ఏడు 9.6. అంతా క్షేమం!”

ఉక్కు గోడ పెరగదు. ప్రోబ్ కాస్త పక్కన పడి ఉంటుంది, లేదా వేడి మారి ఉంటుంది. ఏడాదికి 0.1 మిల్లీమీటరు అరిగే పైపు మీద, 0.1 అటూ ఇటూ ఊగే రీడింగులు రెండు తీసి వేగం లెక్కకడితే అది జాతకమే. ఏళ్ల తరబడి అదే చోట తీసిన రీడింగులు కావాలి. అందుకే తెలిసిన ఇన్‌స్పెక్టర్లు ప్రోబ్ పెట్టిన చోట పెయింట్ పెన్నుతో గుండ్రంగా గీసి, నంబరు వేసి, డ్రాయింగ్ మీద కూడా అదే నంబరు రాసి పెడతారు.