ఆరు మీటర్ల ప్రయోగశాల

మనిషి చూపును పరిశోధించాలంటే చీకటి గది, ఖరీదైన యంత్రాలు కావాలనుకుంటాం. కంటి లోపలి సంగతులకు అవి కావాలి, నిజమే. ఊళ్ళో ఎవరికి ఎంత కనిపిస్తోందో తేల్చడానికి మాత్రం గోడకు తగిలించే అట్ట, ఒక టేపు చాలు. 1862లో నెదర్లాండ్స్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించిన చార్టు బలమంతా కొలతలోనే ఉంది. ఆరు మీటర్ల దూరానికి 6/6 వరుసలో అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు, గీత మందం అందులో ఐదో వంతు. దూరం తప్పకపోతే బడి వరండా కూడా ప్రయోగశాలే. అసలు చార్టుకూ ఒక లోపం ఉండేది: పై వరుసలో ఒకటో రెండో అక్షరాలు, కింద గుంపు. 1976లో ఆస్ట్రేలియాలో ఇయాన్ బెయిలీ, జాన్ లోవీ ప్రతి వరుసకూ ఐదేసి అక్షరాలు పెట్టి, సైజు ఒకే నిష్పత్తిలో తగ్గేలా దాన్ని సరిచేశారు.

చదువురానివాళ్ళ సంగతేమిటి? వాళ్ళకు నాలుగు దిక్కులకూ తిరిగే ఇంగ్లీషు 'E' గుర్తు ఉంది. దాని కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. ఊహించి చెప్పేస్తారేమోనంటే, ఐదింట్లో కనీసం నాలుగు గుడ్డిగా సరిపోయే అవకాశం 64లో ఒకటే. ఆరుబయట వెలుతురు నిలకడగా ఉండదన్న అభ్యంతరం కొంత న్యాయమైనదే. అయితే తెల్లని అట్టపై నల్లని గుర్తులను పట్టపగలు నీడపట్టున చూపిస్తే ఫలితం పెద్దగా మారదు. మునిమాపువేళ మాత్రం పరీక్ష పెట్టకూడదు. పైగా ఆసుపత్రికి వచ్చినవాళ్ళనే కొలిస్తే, రానివాళ్ళ లెక్క ఎప్పటికీ తేలదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు, సుమారు 16 శాతానికి దృష్టి దోషాలు. అంటే ఆరుగురు అంధుల్లో ఒకరికి కావలసింది కళ్ళజోడే!

అసలైన అభ్యంతరం వేరే ఉంది. పొందూరులో సన్నని ఖద్దరు నూలు వడికే మనిషికి ఆరు మీటర్ల అవతలి అక్షరంతో పనేముంది? ఆమె చూడాల్సింది చేతిలోని పోగును. నలభై దాటాక వచ్చే చత్వారం దూరపు చార్టుకు దొరకదు. పలాసలో జీడిపప్పు ఏరేవాళ్ళకూ, బొబ్బిలి వీణ చెక్కేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. అస్సాం తేయాకు తోటల్లో చత్వారం ఉన్న కార్మికులకు దగ్గరచూపు అద్దాలిచ్చి చేసిన ప్రయోగంలో, అద్దాలు లేనివాళ్ళకన్నా వాళ్ళ పని సుమారు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో తేలింది. కనుక తప్పు వరండాది కాదు, అక్కడికి ఒకే చార్టు పట్టుకెళ్ళడానిది.

ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఆనాడు పరీక్షలు జరిపిన నాలుగు ప్రాంతాలు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. పొందూరు, పలాస, బొబ్బిలి ఉన్న శ్రీకాకుళం, విజయనగరం వాటిలో లేవు. ఈ జిల్లాల్లో కంటి శిబిరాలు పెట్టేవాళ్ళు 40 సెంటీమీటర్ల దూరంలో చదివించే చార్టు కూడా వెంట తీసుకెళ్ళి, ప్రతి మనిషి దగ్గరచూపునూ, చేసే పనినీ పక్కపక్కన రాసిపెట్టాలి.